నోట్లో పంచరు వాసన

మండపేటలో నాన్నకు సైకిల్ కొట్టు ఉండేది. నా పళ్ళకు క్లిప్పులు వేయాలని తేలిన రోజు, ఆ వైద్యం ఏమిటో మా ఇంట్లో అందరికంటే ముందు అర్థమైంది ఆయనకే. రాజమండ్రిలో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. పంటికో బిళ్ళ అంటిస్తారట, బిళ్ళలన్నిటి మీదుగా ఒక తీగ లాగుతారట, నెలనెలా కాస్త బిగిస్తూ పోతే పళ్ళు వాటంతటవే వెనక్కి జరుగుతాయట. అమ్మ భయంగా వింది. నేను అనుమానంగా విన్నాను. నాన్న మాత్రం కుర్చీలో ముందుకు జరిగి, "ఆయ్, వీలు బెండు తీసినట్టేనన్నమాట" అన్నాడు.

డాక్టరుగారికి అర్థం కాలేదు.

"చక్రం వంకరపోతే చువ్వలు బిగించి సరిచేస్తామండి. ఒక్కసారే బిగిస్తే రిమ్ము పోద్ది. ఈ చువ్వ పావు చుట్టు, ఆ పక్క చువ్వ పావు చుట్టు. తొందరపడకూడదండి."

డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు. అన్నేళ్ళు చదివిన చదువును ఎదుటివాడు పావు చుట్టులో చెప్పేస్తే ఎవరైనా అంతకంటే ఏం చేస్తారు?

అప్పటికి నేను తొమ్మిదో తరగతి. నా పై పళ్ళు ఎంత ముందుకు ఉండేవంటే పెదవులు కలిసేవి కావు. ఇంట్లో అందరూ రోజుకు పదిసార్లు నన్ను నోరు ముయ్యమనేవారు. ఆ పని నా చేతుల్లో లేదని ఎవరికీ తట్టేది కాదు. బడికి వెళ్ళే దారిలో వరసగా నాలుగు రైసుమిల్లులు. సైకిల్ తొక్కుకుంటూ వాటిని దాటేసరికి ఊక దుమ్మంతా పళ్ళ మీద పేరుకునేది. మా బడిలో అందరికీ మొదటి పీరియడ్ ప్రార్థన తరువాత మొదలైతే, నాకు కుళాయి దగ్గర పుక్కిలించిన తరువాత మొదలయ్యేది. కాబట్టి అందం గురించి నాకు పెద్ద ఆశలేమీ లేవు. పెదవులు కలిస్తే చాలు.

క్లిప్పులు వేసిన మొదటి వారం మా ఇల్లు ఆసుపత్రి కంటే గంభీరంగా తయారైంది. అమ్మ ఫోన్లో మా పిన్నితో, "పాపం ముద్ద మింగలేకపోతోందే, చూడలేకపోతున్నాను" అని చెబుతున్న సమయానికి నేను వెనక గదిలో రెండో గిన్నె సేమ్యా పాయసం తాగుతున్నాను. నొప్పి ఉన్న మాట నిజమే. ప్రతి పంటినీ ఎవరో బొటనవేలితో ఆపకుండా నొక్కుతున్నట్టు ఉండేది. కానీ ఆ నొప్పికీ పాయసానికీ ఏ పేచీ లేదు.

అసలు ఇబ్బంది బుగ్గలతో. బిళ్ళల అంచులు రాసుకుని లోపల పుళ్ళు పడేవి. అందుకు డాక్టరుగారు చిన్న డబ్బాలో మైనం ఇచ్చారు. కందిగింజంత తుంచి, వేళ్ళ మధ్య ఉండ చేసి, బిళ్ళను దూదితో తుడిచి ఆరాక దాని మీద నొక్కాలి. తడి మీద నిలవదు. తిన్నప్పుడల్లా గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. ఇవి డాక్టరుగారు చెప్పినవి. పుండు మీద వెన్న రాయడం అమ్మ కలిపింది. వెన్నతో పుండు తగ్గిందో లేదో తెలియదు గానీ, రాసుకోవడానికి కావలసిన దానికంటే నేను ఎప్పుడూ కాస్త ఎక్కువే అడిగి తీసుకునేదాన్ని.

తిండి సంగతి నాయనమ్మ చేతిలోకి వెళ్ళింది. ఆవిడ పళ్ళు పోయి పదేళ్ళయింది. నమలకుండా బతకడంలో మా వీధిలో ఆవిడను మించినవాళ్ళు లేరు. "పళ్ళు లేక నేను తింటున్నాను, ఇన్ని పళ్ళు పెట్టుకుని నీకేంటే ఏడుపు? నన్ను చూసి నేర్చుకో" అనేది. ముద్దపప్పు వేసి మెత్తగా పిసికిన అన్నం, రాగిజావ, చక్కెరకేళి పండు, ఎప్పుడైనా పూతరేకు. "నాలిక మీద పెట్టి ఊరుకో, అదే వెళ్ళిపోద్ది" అని పూతరేకు తినే పద్ధతి కూడా నేర్పింది. ఆకూ వక్కా దంచుకునే చిన్న రోలు శుభ్రంగా కడిగి, అందులో నాకు జంతికలు దంచి పెట్టేది. దంచిన జంతిక తింటే జంతిక తిన్నట్టు ఉండదు. జంతిక గురించి ఎవరో చెబుతుంటే విన్నట్టు ఉంటుంది.

ఇంత కట్టుదిట్టం మధ్య కూడా రెండు బిళ్ళలు ఊడాయి. మొదటిది మడత కాజా దగ్గర. తాపేశ్వరం మాకు పక్క ఊరు కాబట్టి దీన్ని తుపానులాంటి వాటి కింద లెక్కవేయాలని నేను వాదించాను. రెండోది దోర జామకాయ దగ్గర. దానికి వాదన దొరకలేదు.

డాక్టరుగారు విశాఖపట్నం నుంచి నెలకు ఒక్కసారి, రెండో ఆదివారం మాత్రమే రాజమండ్రి వచ్చేవారు. రెండో బిళ్ళ అంటించాక చేతులు తుడుచుకుంటూ అమ్మతో, "మూడోసారి ఊడిందంటే మొత్తం తీసేసి పంపించేస్తానమ్మా. వచ్చేదే నెలకో రోజు. అంటించిందే అంటిస్తూ కూర్చుంటే మిగతావాళ్ళను ఎప్పుడు చూడను?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. అందుకే భయం వేసింది.

అమ్మ లేచి నిలబడి, "ఈసారి పూచీ నాదండి" అంది.

అప్పటికి అయిదు నెలలైంది. కొంచెం బిగబట్టి ప్రయత్నిస్తే నా పై పెదవి కింది పెదవికి తగులుతోంది. వదిలేస్తే సరిగ్గా పడని తలుపులా మళ్ళీ తెరుచుకుంటోంది. ఇప్పుడు మధ్యలో తీసేస్తే జరిగిన పళ్ళు జరిగినట్టే మళ్ళీ ముందుకు వచ్చేస్తాయట. అంటే మళ్ళీ ఊక దుమ్ము, మళ్ళీ కుళాయి.

ఇలా ఉండగా కొత్త సంవత్సరం మొదటి వారంలో నాయనమ్మ చెల్లెలి ఊరి నుంచి తేగల కట్ట వచ్చింది. కుండలో కాల్చిన తాటి తేగలు. గుమ్మం దాటకముందే వాసన వంటింట్లోకి వచ్చేసింది. ఆ ఇంట్లో తేగ తినలేనివాళ్ళం ఇద్దరమే. పళ్ళు లేని నాయనమ్మ, పళ్ళు మరమ్మతులో ఉన్న నేను. ఇద్దరం చెరో పక్కా కూర్చుని కట్టను చూశాం. అమ్మ దాన్ని తీసి అలమర పై అరలో పెట్టి నా వైపు చూసింది. పూచీ పడ్డవాళ్ళు అలాగే చూస్తారు.

మర్నాడు శుక్రవారం. మాకు ఏదో సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ పక్కింటికి వెళ్ళింది, నాన్న కునుకు తీస్తున్నాడు. నేను చందమామ ఒక్కటే తిందామనుకున్నాను. తేగ నడిమధ్యన సన్నగా, తెల్లగా ఉండే చందమామ మెత్తగా ఉంటుంది. దానికి బిళ్ళ ఊడదు. ఈ తర్కంలో లోపం లేదు. కాకపోతే చందమామ తేగలో ఉంటుంది. తేగ చీల్చడానికి గోళ్ళు చాలలేదు. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కొద్దీ చెయ్యి దాన్ని నోటి దగ్గరకు తీసుకెళ్ళింది.

పీచు తీగ కింద దూరి బిగుసుకుంది. లాగాను, రాలేదు. గట్టిగా లాగాను. పీచు వచ్చింది, దానితోపాటు టక్కుమని చప్పుడూ వచ్చింది.

అద్దంలో చూసుకుంటే ఎడమవైపు కోరపన్ను పక్కన బిళ్ళ పంటిని వదిలేసి తీగ మీద పూసలా తిరుగుతోంది. తీగ చివర దవడ పంటి దగ్గర ఉండాల్సిన చోటు నుంచి జారి బుగ్గలో గుచ్చుకుంటోంది. డాక్టరుగారు వచ్చే ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులు.

సైకిల్ కొట్టువాడి కూతురిని. ఏదైనా ఊడితే ఏం చేయాలో నాకు ఒకటే తెలుసు.

కొట్టు మా ఇంటి ముందు గదే. పంచరు వేయడం చూస్తూ పెరిగాను. ట్యూబును గరుకు కాగితంతో రుద్దాలి, సొల్యూషన్ రాయాలి, అయిదు నిమిషాలు ఆరనివ్వాలి, అప్పుడు అతుకు పెట్టి నొక్కాలి. పంటి మీద గరుకు కాగితం పెట్టే ధైర్యం లేక ఆ ఒక్క మెట్టు వదిలేశాను. మిగతావన్నీ శాస్త్రోక్తంగా చేశాను. చీపురుపుల్లతో బిళ్ళ వెనక సొల్యూషన్ రాసి, పెదవి పైకెత్తి పట్టుకుని, కొట్టులో గోడ గడియారం చూస్తూ అయిదు నిమిషాలు నిలబడ్డాను. ఆ అయిదు నిమిషాల్లో నోట్లో ఊరిన నీళ్ళ గురించి ఏ మెకానిక్కూ ముందుగా చెప్పలేదు. ట్యూబుకు నోరూరదు కదా.

నొక్కాను. సొల్యూషన్ పంటికి తప్ప అన్నిటికీ అంటుకుంది. వేలికి అంటుకుంది, పెదవి లోపలివైపు అంటుకుంది, కొంత నాలిక మీదికీ వెళ్ళింది. దాని రుచి ఎలా ఉంటుందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెప్పగలను గానీ, ఎవరూ అడగరు.

నాన్న పడక మీద లేచి కూర్చుని గాలి పీల్చాడు. "కొట్లో ఎవరైనా ఉన్నారేంటే? సొల్యూషన్ వాసన వస్తోంది."

"ఎవరూ లేరు నాన్నా" అన్నాను, నోరు వీలైనంత తక్కువ తెరిచి.

దగ్గరికి వచ్చాడు. మళ్ళీ పీల్చాడు. "నీ నోట్లోంచి వస్తోందేంటే పంచరు వాసన?"

అబద్ధం ఆడటానికి అనువైన సమయం కాదు. నోరు తెరిచి చూపించాను. సరిగ్గా అప్పుడే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అయిపోయింది" అంటూ అమ్మ అక్కడే గడప మీద కూలబడింది. "అంతా అయిపోయింది. నేను పూచీ అని చెప్పి వచ్చాను. ఆ డాక్టరుగారి మొహం ఎలా చూడను?"

"డాక్టరు మొహం తరవాత చూద్దువు గాని, ముందు పిల్ల మొహం చూడవే" అంది నాయనమ్మ. "ఆ జిగురు లోపలికి మింగేసిందేమో!"

మింగలేదు. పెరట్లో నిలబెట్టి నాన్న నా చేత చెంబుల మీద చెంబులు పుక్కిలింపించాడు. నోరు తుడిచిన గుడ్డను నాయనమ్మ పట్టి పట్టి చూసింది. ఇదంతా జరుగుతుండగా అమ్మ విచారణ కొనసాగించింది.

"తేగ తిన్నావా?"

"చందమామ ఒక్కటేనమ్మా."

"చందమామ ఒక్కటే చెట్టుకు కాసిందా?"

దీనికీ వాదన దొరకలేదు.

అమ్మ కళ్ళు తుడుచుకుని రాజమండ్రికి ఫోన్ చేసింది. ఎత్తింది అక్కడి కాంపౌండరు. డాక్టరుగారు రెండో ఆదివారమే వస్తారని, తీగను లాగొద్దని, కత్తిరించొద్దని, ఊడిన బిళ్ళను అలాగే ఉంచి గుచ్చుకునే చోట మైనం పెట్టమని చెప్పాడు. మూడోసారి సంగతి అమ్మ అడగలేదు. అతను చెప్పలేదు.

మైనం డబ్బాలో గోకితే రెండు పూటలకు వచ్చింది. అయినా తీగ కొనకు అది ఆగేది కాదు, అన్నం తింటుంటే అన్నంతో పాటే వెళ్ళిపోయేది. నాన్న పెన్సిలు వెనక ఉండే రబ్బరుతో తీగను మెల్లగా పంటి వైపు నొక్కాడు. గంటసేపు బాగుంది, మళ్ళీ వచ్చి గుచ్చుకుంది. శనివారం సాయంత్రానికి బుగ్గలో గాటు పడింది. నాన్న లేచి కొట్లోకి వెళ్ళి కటింగ్ ప్లేయరు పట్టుకొచ్చాడు.

"ముట్టుకున్నారంటే చూడండి!" అంది అమ్మ.

"చివర ఒక్క నొక్కు నొక్కుతానే. పిల్లకు గుచ్చుకుంటోంది."

"మీరు చక్రం అనుకుంటున్నారేమో. అది నోరు."

నాన్న ప్లేయరును కాసేపు చేతిలో ఆడించి, "నిజమేలే. కోసింది మళ్ళీ పొడుగవదు. చువ్వ పొట్టయితే రిమ్ముకు అందదు" అని తీసుకెళ్ళి పెట్టేశాడు. భార్య మాట విన్నట్టు కాకుండా, తన మాట తనే విన్నట్టు ఉండేలా ఒప్పుకోవడం మా నాన్నకు బాగా వచ్చు.

తరువాత ఆయన వాల్వు మీద తొడిగే సన్నటి రబ్బరు గొట్టం తెచ్చాడు. వదులైంది. కొట్టంతా వెతికి, సైకిల్ డైనమో నుంచి లైటుకు వెళ్ళే కొత్త వైరు తెచ్చాడు. లోపలి రాగి పోగులు లాగేస్తే పసుపుపచ్చటి తొడుగు మిగిలింది. అందులోంచి బియ్యపుగింజంత ముక్క కోశాడు. అమ్మ దాన్ని గిన్నెలో వేసి మరిగించింది, ఆ కాస్త ముక్కకూ టైము చూసుకుంటూ.

నాయనమ్మ వంటింట్లోకి తొంగి చూసి, "రాత్రికి ఏంటే కూర?" అంది.

"డైనమో వైరండి" అంది అమ్మ. రెండు రోజుల్లో అమ్మ నవ్వడం అదే మొదలు.

ముళ్ళు తీసే శ్రావణాన్ని కూడా మరిగించి, నాన్న కళ్ళజోడు పెట్టుకుని, నన్ను వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టాడు. ఊపిరి బిగబట్టి ఆ ముక్కను తీగ కొనకు తొడిగాడు. సరిగ్గా పట్టింది. నాలికతో తడిమి చూశాను. రెండు రోజులుగా ముల్లులా ఉన్నది గుండుగా, మెత్తగా ఉంది. అప్పటికప్పుడు నాకు కలిగిన సుఖాన్ని వర్ణించాలంటే పెద్ద మాటలు కావాలి. నేను మాత్రం, "ఇంట్లో ఏమైనా తినడానికి ఉందా?" అన్నాను.

మిగిలిన వారం హాయిగానే గడిచింది. అమ్మ రోజుకు మూడుసార్లు టార్చి వేసి నా నోట్లోకి చూసి, బిళ్ళ ఉందా, తొడుగు ఉందా అని పరీక్షించేది. పడుకునే ముందు జారిపోతుందేమోనని తొడుగు తీసేసి మైనం పెట్టి, పొద్దున్నే మళ్ళీ తొడిగించేది. ఆ మైనం ఎవరికో క్లిప్పులున్నాయని తెలిసి రెండు వీధుల అవతలకు వెళ్ళి అడిగి తెచ్చింది. నాయనమ్మ తేగలను కూడా రోట్లో వేసి దంచి, ఉప్పూ మిరియాలపొడీ కలిపి తను తిని, నాకు మాత్రం జావ పోసింది. "నీకు తీర్పు రావాలి గదా" అంది. నేను ప్రతి పొద్దునా అద్దం ముందు పెదవులు కలిపి చూసుకునేదాన్ని. ఇంకా కలుస్తున్నాయి. ఇంకో వారం కలుస్తాయి. ఆ తరువాత సంగతి డాక్టరుగారి చేతిలో ఉంది.

ఆయనకు ఏం చెప్పాలనే దాని మీద ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు. నిద్రలో ఊడిందని చెప్పమంది నాయనమ్మ. చెప్పకముందే బతిమాలుకోవాలంది అమ్మ. అడిగితే చూద్దామన్నాడు నాన్న.

ఆదివారం ముగ్గురం వెళ్ళాం. బస్సులో అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. దేవుడికి చెబుతోందో, డాక్టరుగారికి చెప్పాల్సింది వల్లె వేసుకుంటోందో తెలియలేదు.

కుర్చీలో పడుకోగానే డాక్టరుగారు లైటు దగ్గరికి లాగి, బుగ్గ పక్కకు తీసి ఆగిపోయారు. "ఈ పచ్చటిది ఏంటమ్మా?"

అమ్మ వల్లె వేసుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. "తప్పు నాదేనండి, పూచీ పడ్డాను, కనిపెట్టుకోలేకపోయాను, ఈ ఒక్కసారికి..." బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా వింటున్నారు. చేయని తప్పు అమ్మ తన నెత్తిన వేసుకోవడం, అదీ ఇంత గట్టిగా, నాకు నచ్చలేదు. డాక్టరుగారి చెయ్యి నోట్లోంచి వచ్చేదాకా ఆగి చెప్పాను.

"తేగ తిన్నానండి. అమ్మకు చెప్పలేదు. బిళ్ళ ఊడితే పంచరు సొల్యూషన్‌తో అంటించుకున్నానండి. అంటుకోలేదు."

కాంపౌండరు గోడ వైపు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"నోట్లో ఏ జిగురూ పెట్టకూడదు" అన్నారు డాక్టరుగారు చాలా నెమ్మదిగా. "ఏ జిగురూ. కడుపులోకి పోతే ఏం చేసేదానివి? ఇంకెప్పుడూ చెయ్యనని చెప్పు."

"చెయ్యనండి. రుచి కూడా బాగోలేదండి."

ఆయన తొడుగును లాగి, వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు. నాన్న ఉండబట్టలేక, "డైనమో వైరండి, మరగబెట్టాం. తీగ కోయలేదండి, కోస్తే మళ్ళీ మీకు అందదని" అన్నాడు. డాక్టరుగారు తీగను అటూ ఇటూ కదిపి చూశారు. బల్ల దగ్గరికి వెళ్ళి నా కాగితం తీసి చాలాసేపు రాశారు. అంతసేపు రాయాల్సింది ఏముంటుంది? తీసేయడానికి రెండు మాటలు చాలు. అంటించడానికి కూడా రెండు మాటలే చాలు. అమ్మ చేతిలోని సంచీ మెలికలు తిరిగింది. నేను పైకప్పు చూస్తూ పెదవులు కలిపి పెట్టుకున్నాను, ఎంతసేపు వీలైతే అంతసేపు.

కాంపౌండరు ఒక పళ్ళెం తెచ్చి నా పక్కన పెట్టాడు. అందులో చిన్న చిన్న రబ్బరు ఉంగరాలు, వరసలుగా, రంగురంగులవి. తీగను బిళ్ళకు కట్టి ఉంచేవి. ఇన్ని నెలలూ నాకు బూడిదరంగువే వేశారు.

"కొత్తగా వచ్చాయి" అన్నారు డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ. "ఏ రంగు వేయమంటావు?"

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అమ్మకు అంత కూడా పట్టలేదు.

"ఆకుపచ్చండి" అంది, ఆలస్యమైతే ఆయన మనసు మార్చుకుంటారేమో అన్నట్టు. నాకు నీలం కావాలనిపించింది. కానీ అది మాట్లాడే సందర్భం కాదు.

బిళ్ళ అంటించారు, కొత్త తీగ వేశారు, బిగించారు. ఆ నెలంతా నేను గోంగూర తిని పళ్ళు తోముకోనిదానిలా కనిపించబోతున్నానని అద్దంలో చూసుకున్నాక తెలిసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన నేను, పక్కన అమ్మ, వెనక సీట్లో ఎవరికో డైనమో సంగతి మొదటి నుంచి చెబుతూ నాన్న. కడియం తోటలు దాటాయి. ద్వారపూడి వచ్చేసరికి పళ్ళు సలపడం మొదలైంది. ముందు రెండు పళ్ళు, తరువాత వాటి పక్కవి, అలవాటైన వరసలోనే. సీసాలో తెచ్చిన చల్లటి మజ్జిగ అమ్మ నా చేతికిచ్చింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"బాగానా?"

"బాగానే లాగుతోంది."

"హమ్మయ్య" అని సీటుకు చేరగిలబడి, మండపేట వచ్చేదాకా అమ్మ హాయిగా నిద్రపోయింది.